గంట తీసేసిన మిషన్

మంథని,
12-8-1987

చిరంజీవి కరుణాకర్‌రావుకు పెద్దక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం మన ఇంటి అలవాటు. దేవకికీ నాకూ ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లో బాగాలేదు. బహ్రెయిన్‌లో నువ్వూ మరదలూ చల్లగా ఉండాలని పొద్దున దీపం పెట్టి మొక్కాను. కోపంతోనే మొక్కాను.

నీ ఉత్తరం అందింది. వానలు ఆలస్యమైనా మన పాలేరు హనుమండ్లు నాట్లు వేయించాడు. నా మోకాలు అట్లనే ఉంది. ఇక మిషన్ సంగతి.

"గ్యారంటీ ఉన్న మిషన్‌ను బస్టాండు కాడ టైపు మిషన్లు బాగుచేసేటోనికి ఎట్ల ఇచ్చినవక్కా? నీకు దిమాక్ పనిచేస్తలేదా?" అని రాశావు. పనిచేస్తోంది. నువ్వు పంపిన బ్రెయిలీ మిషన్ చేతిసంచిలో పడుతుంది, మంచిదే. కానీ రాసే గీత చివరికి వస్తే గంట కొట్టి చెప్తుంది. కళ్ళు లేనివాళ్ళు అది విని కింది గీతకు పోతారు. మన చెల్లెలు దేవకికి పుట్టుకతో చూపు లేదు, పన్నెండో ఏట జ్వరంలో చెవులూ పోయాయి. ఈ సంగతి నీకు గుర్తు చేయవలసి వచ్చింది చూడు! ఆమె కొడుతూనే ఉండేది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ప్రతి గీత చివరా రెండు మూడు మాటలు ముద్దయ్యేవి. నీకు రాస్తే, "అది గుడ్డోళ్ల మిషన్, చెవిటోళ్లది కాదు" అని దుకాణంవాడు అన్నాడని జవాబిచ్చావు. వాడు అన్నాడు సరే. నువ్వు ఎట్లా ఊకున్నావు?

బస్టాండు దగ్గరి దేవదాస్ ఊకోలేదు. కళ్ళు మూసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని తానే పది గీతలు కొట్టి చూశాడు. "అమ్మా, గంట చెవికే ఎందుకు కొట్టాలె? చేతికి కొడితె అయిపాయె గద!" అన్నాడు. గంట చిప్ప తీసేసి, దాన్ని కొట్టే చిన్న సుత్తికి గడియారం స్ప్రింగు ముక్క అతికించి, ఎడమచేతి చిటికెన వేలి పక్కకు తెచ్చాడు. ఇప్పుడు గీత అయిపోవస్తే వేలిని తడుతుంది. మొదటిసారి దేవకి ఉలిక్కిపడి చేయి తీసుకుంది. రెండోసారి నవ్వింది. ఆ రోజు నాలుగు కాగితాలు కొట్టింది, ఒక్క మాట ముద్దకాలేదు. నీ గ్యారంటీ పోయింది. పోనీ.

"ఆశ్రమానికి పోతనని దేవకే ఒప్పుకున్నది గద, మళ్ల ఈ అడ్డం తిరుగుడేంది?" అని అడిగావు. దసరాకు వచ్చి హైదరాబాదులో చూపులేనివాళ్ళ ఆశ్రమానికి తీసుకుపోతానన్నావు. దీనికి జవాబు ఇదీ.

ఆమె నీకు కొట్టే ఉత్తరాలు చుక్కల నుండి తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాసేది నేనే. ముద్దయిన చోటల్లా ఆమె అరచేతిలో వేలితో చుక్కలు పొడిచి, ఇక్కడ ఏం రాశావని అడిగి నింపేదాన్ని. ఉగాది ఉత్తరంలో అడగలేదు. ఆశ్రమం మాట వచ్చిన గీతలన్నీ సగం సగమే ఉన్నాయి. "అన్నకు భారం కాను, సంతోషంగా పోతాను" అని నేను నింపాను.

ఇరవై ఎనిమిదేండ్లుగా నా కుడిచేయి ఆమెదే. పూజలో కూర్చున్నా ఆమె అరచేయి వచ్చి నా మోకాలి మీద వాలుతుంది. ఒక్క పూట ఎవరూ ముట్టుకోకుండా జపం చేసుకోవాలనిపించింది. అందుకని దేవుని ముందు కూర్చుని చెల్లెలిని ఇంట్లోంచి వెళ్ళగొట్టాను.

మిషన్ బాగయ్యాక ఆమెకు ధైర్యం వచ్చి ఆశ్రమానికి పోనని కొట్టింది; అది ఉన్నదున్నట్టే నీకు ఎత్తి పంపాను. నీ ఉత్తరం రాగానే, "అన్న రాసింది రాసినట్టు కొట్టి ఇయ్యి" అని కాగితం మీద అడిగింది. ఒక్క మాట దాచకుండా కొట్టి ఇచ్చాను. తాను ఒప్పుకున్నానన్న చోట ఆమె వేళ్ళు ఆగాయి. వెనక్కి పోయి మళ్ళీ తడిమింది. తన మాట తనకు వినబడదని ఎన్నడో మానుకున్న గొంతు విప్పి, "నువ్వే రాసినవు!" అని అరిచింది. పక్కింటి బాలవ్వ పరుగెత్తుకొచ్చింది.

"దేవకమ్మకు మాటొచ్చిందా! ఎవలనో గని మస్తు తిడుతున్నది."

"నన్నే," అన్నాను.

ఆనాటి నుండి నాకు చేయి ఇవ్వడం లేదు. అన్నం గిన్నె తానే వెతుక్కుంటుంది. పొయ్యి దగ్గర వేలు కాల్చుకుంటే మందు రాయబోయాను, మోచేత్తో నెట్టింది. కావలసింది కాగితం మీద కొట్టి గడప దగ్గర పడేస్తుంది. జపానికి కావలసినంత ఖాళీ ఉంది. కూర్చోబుద్ధి కావడం లేదు.

దసరాకు రా. ఆమెను తీసుకుపోయే మాట పెట్టుకుని మాత్రం రాకు. పోవడం, ఉండడం ఆమెనే అడుగు. అడగడానికి నా వేలు నీకు ఇవ్వను. మిషన్ కొన్నవాడివి, ఆ రోజే ఆ చుక్కలు నేర్చుకోవలసింది.

దేవకి నీకు కొట్టిన మూడు కాగితాలు అట్టముక్కల మధ్య పెట్టి పంపుతున్నాను. నేను చదవలేదు. నా ఎదుటే మడిచి అంటించి ఇచ్చింది. తెలుగులోకి ఎత్తమని అడగలేదు, అడిగినా ఎత్తను. అక్కడ తెలుగు చుక్కలు చదివేవాళ్ళు నీకు దొరకరు. అందుకని అ నుండి ఱ దాకా ఒక్కో అక్షరం పక్కన దాని చుక్కలు సిరాతో వేసి, వేరే కాగితం పెట్టాను. కూర్చుని నీ వేలితో చదువు. ఎన్ని రోజులైనా పట్టనీ.

ఇట్లు,
నీ మీదా తన మీదా కోపం తగ్గని
నీ పెద్దక్క
సరళాదేవి