లేని మెట్లు

మార్చి 12, మంగళవారం
ఎక్స్‌రే గది, భోజనాల వేళ

పూజ్యురాలైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాయడమేమనగా, ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మర్యాద అయిపోయింది. నిజానికి నేనేమీ క్షేమంగా లేను. నాలుగు రోజులుగా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది మూడో ఉత్తరం, ముందు రెండూ చింపేశాను. ఇందాక ఒక పెద్దాయనకు చేతికి బదులు మోకాలికి ఎక్స్‌రే తీశాను. పాపం, అదీ నొప్పేలే అమ్మా అన్నాడు. ఫోన్‌లో చెబుదామంటే, ఈ మాట ఎత్తగానే పెట్టేస్తావు.

శుక్రవారం నీ కూతురు ఫోన్ చేసింది. తనకు కాన్పయి నెల దాటింది, నువ్వు వంట చేస్తున్నావట, గుడ్డలు ఉతుకుతున్నావట, పాపను మాత్రం ముట్టుకోవట. ఏడుస్తూ ఒకటే అడిగింది: "పిన్నీ, ఆడపిల్ల పుట్టిందనా అమ్మకు?" ఇరవై ఒకటిన తన ఇంటికి వెళ్లిపోతుందట, మళ్లీ నీ గడప తొక్కదట.

దానికి తెలియదు. నాకు తెలుసు. పసిపిల్లప్పుడు దాన్ని కూడా నువ్వు నేల మీద చతికిలబడ్డాకే ఒళ్లోకి తీసుకునేదానివి. నీ ఐదో ఏట నన్నెత్తుకుని మెట్లు దిగుతూ జారవిడిచావు, నా కాలు పోయింది. మనింట్లో ఇంటిపేరు ఎంత నిజమో ఇదీ అంత నిజం.

ఎవరైనా ఒక్కసారి ఇదేమిటని అడిగారా అక్కా? అమ్మ మెట్లంది. అత్త మంచం అనేది. నాన్న ఆ రోజు ఊళ్లోనే లేడు, అయినా అందరికంటే వివరంగా చెప్పేవాడు. నువ్వేమో ఆ చప్పుడు కూడా గుర్తుందంటావు. అన్నిసార్లు విన్న కథలో చప్పుడు గుర్తుండక ఏమవుతుంది?

అమ్మ పెట్టెలో నా టీకాల కార్డు దొరికింది. దాని మీద చిరునామా ఉంది. నాకు రెండేళ్లు నిండేదాకా మనం ఉన్నది బేకరీ వెనక గదిలో. గుమ్మం దాటితే వీధే. నా ఏడో నెలలో నువ్వు నన్ను పడేసిన మెట్లు ఆ ఇంటికి లేనే లేవు. మెట్లున్న ఇంటికి మారేసరికి నేను కుంటుకుంటూ తిరుగుతూనే ఉన్నాను.

ఇంకెక్కడో పడేసి ఉంటానంటావు, నిన్ను ఎరగనా. పడేశావేమో, పిల్లలన్నాక పడతారు. కవరులో ఆ కార్డుతోపాటు నా ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టాను, కిటికీకి ఆనించి చూడు. తొడ ఎముక తల కూర్చునే గుంట ఎడమవైపు లోతు లేదు. కుడివైపూ కొంచెం తక్కువే, ఏదో తట్టుకుని నిలబడింది. ఒక్కసారి పడితే రెండు వైపులా ఇలా కాదు. పుట్టుకతోనే ఇంతని ఎముకల డాక్టరు చెప్పాడు.

నా మాట నమ్మకు. కార్డు చూడు, ఫిల్మ్ చూడు, నీకు నచ్చిన డాక్టరును అడుగు. ఏం చేసినా ఇరవై ఒకటి లోపల చెయ్యి.

బయట ముగ్గురు చీటీలు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ తలుపు కొడుతోంది కూడా. ఉంటాను.

ఇట్లు,
గెంతుతూ నడుస్తానని నువ్వు పేరు పెట్టిన
నీ పిచ్చుక

తా.క. ఫిల్మ్ మూలన తేదీ ఉంటుంది. నువ్వు చూడకపోయినా నీ కూతురు చూస్తుంది, అందుకని చెప్పక తప్పదు. అది ఈ వారం తీసింది కాదు. ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు, నా ఇరవయ్యో ఏట తీసింది. డాక్టరు చెప్పిందీ ఆ రోజే. ఇరవై ఆరేళ్లుగా నాకు తెలుసు. నీ పెళ్లయ్యాక కూడా ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, నా గది ఊడ్చి, నా తల దువ్వి వెళ్తున్నావు. నిజం తెలిస్తే రావడం మానేస్తావేమోనని భయపడ్డాను, మొన్న ఆదివారం కూడా అందుకే చెప్పలేకపోయాను. నన్ను ఎంత తిట్టినా పడతాను. ఈ ఆదివారం మాత్రం రాకు. పాపను ఎత్తుకుని లేచి నిలబడు.