బాపు మేకుకు తగిలించిన బిళ్ల

ఆగస్టు 12, మంగళవారం

ప్రేమగల అవ్వకు,

ఇయ్యాల పొద్దున్నే చాయ్ దగ్గర బాపు కథ విన్న. చెప్పినాయనకు నేను బాపు బిడ్డనని తెల్వదు.

ఈ సముద్రపు ఒడ్డు అణువిద్యుత్ కేంద్రంలో మాకు పని నేర్పే సూపర్‌వైజర్ సారే ఆయన. "మీ బొగ్గుబావుల నుంచి బెంజమిన్ అని ఒకాయన కాంట్రాక్టు పనికొచ్చాడు. రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే బిళ్ల ఇస్తే, రోజూ గేటు దగ్గర మేకుకు తగిలించి లోపలికి పోయేవాడు!" అన్నడు. ఆయనతో పాటు అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన అవ్వా. నవ్వకుంటే మిగతాది చెప్పడు.

నీకు తెల్సు గదా, బెల్లంపల్లి బాయిల దిగేటోళ్లు ఇత్తడి బిళ్ల పైననే ఇచ్చి పోతరు. బిళ్ల పైన ఉంటే మనిషి కింద ఉన్నట్టు. బాపు ఇక్కడ కూడా అదే పద్ధతి అనుకున్నడు. ఛాతీ మీద ఉండాల్సిన బిళ్ల గోడ మీద ఉండిపోయింది.

"మీరు చెప్పలేదా సార్?" అని అడిగిన.

"చెప్తే బిళ్లలో రేడియేషన్ లెక్క నిండిపోద్దమ్మా. నిండితే రూలు ప్రకారం మనిషిని పంపెయ్యాలి. ఆ పైపుల ఇరుకులో దూరేవాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?" అని బిస్కెట్ చాయ్‌ల ముంచుకున్నడు.

బాపు నెత్తురు చెడి చచ్చిపోతే "ఆయన బిళ్లలో సున్నా" అన్నరు ఈ కేంద్రమోళ్లు. ఊరంతా తాగుడు రోగం అన్నది. ఒక్కనాడు తాగని పెనిమిటి కోసం నువ్వు తల వంచుకొని చర్చికి పోయినవ్.

పగ దేవునికి వదిలెయ్ బిడ్డా అంటవ్. వదిలేసేదాన్నే, ఆ సార్ నవ్వకపోతే. ఇక్కడి నియమాల పుస్తకంలో "మోతాదు" అనే మాట చదివిన. నాకు దగ్గుమందు పోస్తూ నువ్వు అనే మాటే. దానికింత బరువుందని తెల్వదు. ఇగ ఆయన మోతాదు నేను పోస్త.

రేపు పొద్దున నియంత్రణ సంస్థ తనిఖీ అధికారులు వస్తుండ్రు. వాళ్లతో పాటు మేం మొదటిసారి లోపలికి పోతం. గేటు కాడ సారే నిలబడతడు. వాళ్ల ముంగటనే నా బిళ్ల తీసి అదే మేకుకు తగిలించి నడుస్త. "ఆగు!" అని ఆయన అరువక తప్పదు. అప్పుడు ఆగి, అందరికీ వినపడేటట్టు అడుగుత: "మా బాపు బెంజమిన్‌ను ఎందుకు ఆపలే సార్?" చాయ్ దగ్గర నా పక్కనున్న దీపిక, విన్నది విన్నట్టు చెప్త అన్నది.

ఈ చదువు పోతే పోనీ, ఫికర్ చెయ్యకు. నా గొంతు వణకకుండా ప్రార్థన చెయ్.

బాపు బిడ్డ,
క్యాథరిన్