సూది కదలలేదు

శుక్రవారం, నవంబరు 14

మా చిట్టెలుకకు,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా, ఒక్క మీ వదిన మోకాలు తప్ప. అది వానొస్తే నొప్పి, రాకపోతే వస్తుందేమోనని నొప్పి. అక్కడ నువ్వూ బావగారూ పిల్లీ క్షేమమని తలుస్తాను. మందుల షాపులో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయని రాశావు. ఒక స్టూలు వేయించమని అడుగు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మీ ఓనరు అమ్మ కూడా కాదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. మీ వీధి చివరి లైబ్రరీలో పాటల బృందం పెడుతున్నారనీ, 23న ఆదివారం గొంతులు విని మనుషుల్ని తీసుకుంటారనీ, నీకు వెళ్ళాలని ఉందనీ రాశావు. ఆరేళ్ళ కిందట అమ్మ పుట్టినరోజున అందరి ముందూ శ్రుతి తప్పుతున్నావని నేను ఆపించాక నువ్వు మళ్ళీ పాడలేదు. శ్రుతి విషయంలో నా మాటే ఆఖరి మాటనీ, ఇప్పుడు కూడా నేను వద్దంటే మానేస్తాననీ రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. జవాబు రాస్తాను, ఉండు. ముందు ఈ వారం నేను పడ్డ పాట్లు విను.

సోమవారమే నీ మేనకోడలు నాకు ఇయర్‌బడ్స్ కొనిచ్చింది. శనగ గింజంత ఉన్నాయి. గంట తిరగకుండా ఒకటి సోఫా సందులో పడింది. ఇక అది దక్కదనుకున్నాను. అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కగానే అది లోపల్నుంచి కీచుకీచుమంది. ఈ సదుపాయం నా కళ్ళజోడుకు కూడా ఉండి ఉంటే ఈ ఇంట్లో సగం గొడవలు ఉండేవి కావని మీ వదిన అంది.

మంగళవారం నాట్యం నేర్పే బడిలో పాత పియానో పని. మూత తీస్తే లోపల మూడు హెయిర్‌పిన్నులూ, ఒక పాలపన్నూ దొరికాయి. పన్ను ఎవరిదని టీచరమ్మ పిల్లలందర్నీ వరసగా నోళ్ళు తెరిపించింది. ఎవరిదీ కాదట. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇంకో కొత్త విషయం కనిపెట్టాను. కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పే యాప్ ఉంది. హుషారుగా తీశాను. అది చాలాసేపు ఆలోచించి, ఏమీ దొరకలేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది. పక్కసీటు ఆవిడ మాత్రం ఇంక ప్రయత్నించొద్దన్నట్టు చూసింది.

బుధవారం ఫోన్లో అసలు నిధి దొరికింది. ఎక్కడో లాండ్రీ నడుపుకునే ఆవిడ ఇస్త్రీ చేస్తూ పాడిన పాటలు. ఏ దేశమో తెలియదు, భాష ఒక్క ముక్క అర్థం కాదు. ఇస్త్రీ పెట్టె బుస్సుమని ఆవిరి వదలడమే తాళం. చొక్కాకు చిన్న పాట, దుప్పటికి పెద్ద పాట. మొత్తం నూట పన్నెండు ఉన్నాయి, ఇప్పటికి ముప్పై విన్నాను. ఆవిడ పాడుతుంటే పని చేసుకోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్నాను, చిట్టెలుకా.

అలా విని ఊరుకోవచ్చు కదా! నోటి దురద. గొంతు బంగారమే కానీ పై స్వరం దగ్గర వెంట్రుకవాసి హెచ్చుతోందనీ, ముప్పై ఏళ్ళుగా పియానోలు శ్రుతి చేస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాననీ ఒక పాట కింద రాసిపెట్టాను. ఇప్పుడు ఎవరి భాషలోకి కావాలంటే ఆ భాషలోకి ఫోనే మార్చేస్తోంది కదా. కందిరీగల తుట్టెను కదిపినట్టయింది. తెల్లారేసరికి నలభై మంది నా మీద పడ్డారు. ముందు నీ చెవులు శుభ్రం చేసుకో తాతా అని ఒకడు. నాకింకా మనవలు లేరని వాడికి జవాబు రాశాను.

ఈ గొడవ చూసి నీ మేనకోడలు నా ఫోన్లో శ్రుతి చూపించే యాప్ వేసింది. స్వరం సరిగ్గా ఉంటే సూది మధ్య గీత మీద నిలబడుతుంది. హెచ్చితే కుడికి, తగ్గితే ఎడమకు వాలుతుంది. ఇస్త్రీ ఆవిడ పాట వినిపించాం. నేను హెచ్చిందన్న చోట సూది కదలలేదు. మళ్ళీ పెట్టాం. కదలలేదు. అమ్మాయి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ దబాయించాను, నాలుగో కాలు ఫోను చూపించింది.

చెంపలేసుకుని ఆవిడకు క్షమాపణ రాశాను. పర్వాలేదనీ, నా గొడవ పుణ్యమా అని ఇంకో మూడు వందల మంది తన పాట విన్నారనీ, మా ఊరు దగ్గరైతే నా చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేసి పెడతాననీ రాసింది. ఎంత పెద్ద మనసో చూడు.

ఇక నీ ప్రశ్న. ఆ యాప్ నీ ఫోన్లో వేసుకో. దాని ముందు పాడి సూదినే అడుగు. నన్ను అడగకు. అంతకంటే ఏం రాయాలో తోచడం లేదు. బావగారికి నమస్కారాలు. పిల్లికి నా బదులు ఒకసారి చెవి వెనక గోకు.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. కవరు అంటించాను. టీ తాగి వచ్చి చింపేశాను.

పైన రాసిందంతా నిజమే, రాయనిది ఒకటుంది. నా కుడి చెవికి ఏ స్వరమైనా ఒక పిసరు హెచ్చుగా వినబడుతుంది. ఆ సంగతి చెప్పింది యాప్ కాదు, చెవి డాక్టరు. అది కూడా ఈ వారం కాదు, రెండేళ్ళ కిందట. ఏడెనిమిదేళ్ళుగా ముదురుతూ వచ్చి ఉంటుందన్నాడు. పియానో పనికి ఇబ్బంది లేదు. అక్కడ రెండు తీగలు కలిసి మోగితే వచ్చే వణుకు ఆగిందా లేదా అనేదే వింటాను. ఒంటి గొంతు దగ్గరే మోసపోతాను.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే, అమ్మ పుట్టినరోజు నాటి వీడియో వెతికి కుడి చెవి మూసుకుని విన్నాను. నిన్న సాయంత్రం సూదికి కూడా వినిపించాను. నువ్వు ఎక్కడా తప్పలేదు. ఒక్కచోట కూడా.

రెండేళ్ళు ఎందుకు దాచానంటే, చెవి పాడైనవాణ్ణి పనికి ఎవరు పిలుస్తారన్న భయం. మీ వదినకు కూడా చెప్పలేదు. కానీ నీకు చెప్పకపోవడానికి అది సాకే. పాట నాకు అచ్చిరాలేదులే అని నువ్వు నవ్విన ప్రతిసారీ నేనూ నవ్వి ఊరుకున్నాను. తెలిసి తెలిసీ ఆ ఇస్త్రీ ఆవిడకు తప్పు పట్టానంటే చూడు, ఈ అబద్ధానికి నేను ఎంత అలవాటుపడ్డానో. సిగ్గేస్తోంది, తల్లీ. ఫోన్లో అయితే ఇది చెప్పలేను.

23న వెళ్ళు. నా మీద ఎంత కోపం వచ్చినా రానీ, ఏడాది మాట్లాడకపోయినా నేను పడతాను. కానీ ముందు పాడు, తర్వాత తిట్టు.