వాడు చెప్పడం మానేశాడు

వదినకు నమస్కారాలు.

ఫోన్‌లో చెబుదామంటే సిగ్గుతో నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. మన మణిదీప్ ఈమధ్య ప్రతి పేరుకూ చివర ‘కక్క’ అని చేర్చి పడిపడి నవ్వేవాడు. ‘సైకిల్ కక్క, సాంబార్ కక్క’ అంటుంటే నాకూ నవ్వొచ్చేది. మొన్న ఇంటి ఓనరు పైకి వస్తే, “తాత కక్క వచ్చిండు” అన్నాడు. మీ తమ్ముడు ఆయన ముందే వాణ్ణి బెల్టుతో కొట్టారు. “ఇంకోసారి ఆ మాటంటే నాల్క కోస్త” అన్నారు.

అప్పటినుంచి వాడు దొడ్డికి వచ్చినా ‘కక్క’ అని చెప్పకుండా బిగబట్టుకుంటున్నాడు. కడుపు గట్టిపడి ఏడుస్తుంటే దవాఖానాకు తీసుకుపోయాను. “మందిస్త గానీ, ముందు పిల్లగాని భయం పోవాలె” అన్నది డాక్టరమ్మ. మీ తమ్ముడు మల్లాపూర్‌లో డ్యూటీ దిగి వచ్చే వేళకు వాడు మంచం కింద దూరుతున్నాడు.

నిన్న తలుపేసి, నవ్వుతాడేమోనని నేనే ‘టమాట కక్క’ అన్నాను. వాడు గబుక్కున నా నోరు మూశాడు. “అనకు మమ్మీ, డాడీ నిన్ను గూడ కొడ్తడు” అన్నాడు.

ఆయన మీ చేతిలో పెరిగిన మనిషి, మీ మాట వింటారు. ఆదివారం ఉప్పల్ బస్సెక్కి రండి వదినా. నేను రాశానని మాత్రం చెప్పకండి.

మీ మరదలు