మీ అన్నయ్యకు బస్సు ఇచ్చేశారు

చిట్టితల్లీ, మీ అన్నయ్యకు షుగరు అదుపులోకి వచ్చిందమ్మా, బస్సు మళ్లీ చేతికిచ్చేశారు.

షుగరు తగ్గేదాకా బస్సు నడపొద్దని డిపో డాక్టరు వాణ్ణి టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టిన సంగతి నీకు తెలుసు కదా. "రోజంతా స్టీరింగు తిప్పుతాను, అది వ్యాయామం కాదా?" అని వాడు వాదిస్తే, "తిరిగేది చక్రాలు నాయనా, నువ్వు కూర్చునే ఉంటావు" అన్నాడట ఆయన.

అప్పటినుంచి రోజూ సాయంత్రం మీ వదిన వాణ్ణి సందులోకి లాక్కెళ్లి షటిల్ ఆడించింది. బట్టలారేసే తాడే వాళ్ల నెట్టు, అంపైరును నేను. వాడు గెలవబోయినప్పుడల్లా లెక్క తప్పినట్టు నటించి మళ్లీ మొదటినుంచి ఆడించేవాణ్ణి. "నాన్నా, నువ్వు కోడలి పక్షం" అని రొప్పుతూనే ఆడేవాడు. మందులు మానలేదు, ఆటా మానలేదు. ఇవాళ రిపోర్టు చూసి డాక్టరు, "ఇక బస్సెక్కు, ఆట మాత్రం ఆపకు" అన్నాడట. పొట్ట తగ్గి యూనిఫారం ప్యాంటు జారిపోతుంటే మీ వదిన నవ్వుకుంటూ నడుము దగ్గర కుట్లు వేస్తోంది.

మీ అత్తగారికీ మామగారికీ చెప్పు. పిన్నికీ బాబాయికీ ఫోను చెయ్యి. మీ మామయ్యకు తప్పకుండా చెప్పు, ఆయనకూ పొట్ట పెరుగుతోంది. పెద్దత్తకు మాత్రం పక్కన కూర్చుని నిదానంగా చెప్పమ్మా, నాలాగే ఏడ్చేస్తుంది.