గట్టు మీద చూడండి

నవంబర్ 3

నా మీద అభియోగం ఇది: లలితాంబ పిన్నిని భయపెట్టి, ఆమె కూతురు పాపాయి పాదానికి జరగవలసిన ఆపరేషన్‌ను ఆపించాను. అమ్మ మాట మరీ ఘాటు. డిబేట్ కప్పులు తెచ్చే నోరు పసిదాని కాలు విరిచిందట.

నేనన్నది ఒక్కటే. పన్నెండేళ్ళప్పుడు నాకూ ఆ ఆపరేషనే చేశారు, ఫ్యూజన్ అంటారు. వంకర పాదంలోని మూడు కీళ్ళను కదలకుండా అతికించారు. తొమ్మిదేళ్ళయినా నొప్పి పోలేదు. ఇది అబద్ధమా? సాక్ష్యం వెతకాలి.

నవంబర్ 5

నా ఆసుపత్రి ఫైలు దొరికింది. ఆరు రివ్యూలు. ఆరింటిలోనూ ఒకే వాక్యం: నొప్పి లేదు, నడక బాగుంది. అలా చెప్పింది నేనే, మళ్ళీ కోస్తారన్న భయంతో. నడిపించింది ప్రతిసారీ ఆసుపత్రి వరండాలో, నున్నటి టైల్స్ మీద. ఈ ఫైలు ప్రత్యర్థి చేతిలో ఉంటే నేను రెండు నిమిషాల్లో ఓడిపోతాను.

నవంబర్ 9, ఆత్రేయపురం, సాయంత్రం 4

పిన్ని వాళ్ళ ఊరు వచ్చాను. పాపాయికి పదకొండేళ్ళు. బడికి కాలవ గట్టు మీదే వెళ్ళాలి. ఆ దారిన ఇద్దరం నడిచాం. రోడ్డు మీద కిలోమీటరు నడిచినా నాకేమీ కాలేదు. గట్టు వాలులో మాత్రం నా పాదం నేలకు తగ్గట్టు ఒరగదు. బరువంతా చీలమండ మోస్తుంది. రెండు వందల అడుగులకు నొప్పి మొదలైంది. అంటే నేను పిన్నికి చెప్పింది సగం నిజం.

పాపాయి నలభై అడుగులకే కూర్చుండిపోయింది. పాదం అంచు మీద నడిచీ నడిచీ ఆనెకాయ చిట్లింది, నెత్తురు. అది నా చెప్పు తీసి తిప్పి చూసింది.

"అక్కా, నీది అంతా సమంగా అరిగిందే."

దాని చెప్పుకు బయటి అంచే లేదు.

నవంబర్ 10

చీలమండ వాచింది.

నవంబర్ 14, కాకినాడ

నాకు ఆపరేషన్ చేసిన ఉదయభాస్కర్ గారే పాపాయికీ చేయాలి. నలభయ్యో ఏట నా కాలు ఎలా ఉంటుందని అడిగాను. చాలామంది బాగానే నడుస్తారట. కొందరికి అతికించిన చోటికి పైనున్న చీలమండ కీలు అరుగుతుందట. ఎవరికన్నది ముందే చెప్పలేరట. పెద్దయ్యాక చూపించుకోవడానికి వచ్చేవారే తక్కువని ఆయనే ఒప్పుకున్నారు. అలవాటుగా వరండాలో నడవమన్నారు. నేను ఆయన్ని ఆసుపత్రి వెనక కంకర వాలు దగ్గరికి తీసుకువెళ్ళి నడిచాను. ఏడో రివ్యూలో వేరే వాక్యం రాశారు.

నవంబర్ 17

పిన్నికి నా చెప్పూ చూపించాను, చీలమండా చూపించాను. ఆమె నిర్ణయించుకుంది. ఆపరేషన్ గురువారం.

ఆమెనూ డాక్టరుగారినీ నేను పట్టుబట్టి అడిగింది ఇదే: "ఏటేటా దాన్ని గట్టు మీద నడిపించి చూడండి. బాగుందని అది చెబితే నమ్మకండి."