అటక మీద లేని అమ్మ పాన్

క్లిఫర్డ్,

నువ్వు ముచ్చటపడి కొన్న కొత్త ఎగ్ పోచింగ్ పాన్ పొయ్యి మీద పెట్టాను. కింద పోసే నీళ్లు పైన గుడ్లు పోసే చిన్న గిన్నెల అడుగుకి తగలకూడదు. గిన్నెలకి వెన్న రాసి గుడ్డు కొట్టి పొయ్యి. అంటుకోదని డబ్బా మీద రాసింది నమ్మకు, మొన్న నా గుడ్డు సగం దానికే పోయింది. మూత పెట్టి నాలుగు నిమిషాలు ఆవిరికి ఉడకనివ్వు. మధ్యలో తీసి చూడకు.

మా అమ్మ పాత పాన్ అటక మీద దాచానన్నావు. నిన్న చర్చిలో జనం ఇచ్చిన పాతసామాన్ల అమ్మకం జరుగుతుంటే, ఎదురింటి హిల్డా దాన్ని కొనడానికి నేను డబ్బులు తీసుకునే బల్ల దగ్గరికే పట్టుకొచ్చింది. పిడికి నాన్న చుట్టిన రాగితీగ అలాగే ఉంది. "ఇంత మంచిది వదిలేసిన మహానుభావుడు ఎవరో!" అంది. మా ఆయనేనని పదిమందిలో ఎలా చెప్పను? నవ్వుతూ కాగితంలో చుట్టి, నా చేత్తోనే ఇచ్చాను. ముప్పై ఏళ్లు అందులో వండింది తిన్నావే, నన్నొక్క మాట అడగలేకపోయావా?

ఇవాళ పొద్దున్న తినడానికి హిల్డా రమ్మంది. వెళ్తున్నాను. అమ్మ పాన్‌లో గుడ్డు తినొస్తాను.

మార్జరీ

చెప్పడం మరిచాను. కొత్తదానికి నాలుగు గిన్నెలున్నా మూడే సరిగ్గా కూర్చుంటాయి. పర్వాలేదులే, ఇకమీదట నీకు ఒక్కటి చాలు.